మైకమ్మ చెప్పని మాట

ఆ బస్టాండులో దిగినవాళ్ళకి ఊరి కంటే ముందు ఆమె గొంతు తగిలేది. ఒక కాలు బస్సు మెట్టు మీద, ఇంకో కాలు నేల మీద ఉండగానే పైనుంచి "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని వినపడేది. ఆ రెండు మాటలకే సగం మంది చెయ్యి జేబు మీదకి పోయేది. మిగతా సగం తలలెత్తి చూసేవాళ్ళు. పైన రేకుల కప్పు, పావురాలు, బూరల్లాంటి నాలుగు స్పీకర్లు తప్ప ఏమీ కనిపించేది కాదు.

ఆ గొంతు గల మనిషి లోపలి వరండా చివర, రెండు పొరల అద్దాల గదిలో, కాళ్ళ కింద చిన్న పీట వేసుకుని కూర్చునేది. డ్రైవర్లు, కండక్టర్లు, తుడిచేవాళ్ళు, కంట్రోలరు, అందరికీ ఆమె మైకమ్మే. జీతం కాగితం మీద వేరే పేరుంది గానీ దానితో పిలిచేవాడు ఆ కాగితం ఇచ్చే గుమాస్తా ఒక్కడే.

"మైకమ్మా, నా బండిని కాస్త ముద్దుగా పిలు తల్లీ, ఇరవై సీట్లు ఖాళీ" అని కిటికీ దగ్గర బతిమాలే డ్రైవర్లుండేవాళ్ళు.

"నీ బండి మొహం చూశాక నా ముద్దుకి ఎవడొస్తాడు నాయనా? ముందు దానికి స్నానం చేయించు" అనేది ఈవిడ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకి ఒక పాత కాగితం ఇచ్చి గంటకోసారి చదవమన్నారు. "అపరిచితుల పట్ల జాగ్రత్త వహించవలెను" అని దాని మీద ఉంది. నెల రోజులు చదివాక ఆమెకే ఒళ్ళు మండింది. కొత్త ఊళ్ళో దిగినవాడికి అందరూ అపరిచితులే కదా. టికెట్టు ఇచ్చేవాడు, మంచినీళ్ళు చూపించేవాడు, దారి చెప్పేవాడు, చివరికి ఈ మాట చెబుతున్న ఆమె కూడా. జాగ్రత్త వహించవలెను అనడం చేతులు దులుపుకోవడమే తప్ప జాగ్రత్త చెప్పడం కాదు. రేపు ఎవడైనా మోసపోయి వస్తే "మేం ముందే చెప్పాంగా" అనడానికి పనికొస్తుంది, అంతే.

మోసపోయినవాళ్ళ గురించి పెద్దమనుషులు చెప్పే మాట ఇంకోటుంది, ఆశపడ్డాడు కాబట్టే పోగొట్టుకున్నాడని. ఆమెకి అదీ నచ్చలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని వెళ్ళి, బెంచీల మీద దిగులుగా కూర్చున్నవాళ్ళ పక్కన కూర్చునేది. "ఏం జరిగిందమ్మా?" అని అడిగేది. వాళ్ళు చెప్పేవాళ్ళు. ఆశపడినవాడు పదిమందిలో ఒకడుండేవాడేమో. మిగతా తొమ్మిదిమందీ అలిసిపోయినవాళ్ళు, మర్యాదకి మాట కాదనలేనివాళ్ళు.

అలా ఏడాది పాటు విని, ఆరు మాటలు తనే రాసుకుంది. మీ లాడ్జి కాలిపోయిందని, మూసేశారని ఎవరైనా చెబితే అక్కడిదాకా వెళ్ళి చూడండి. మీ చొక్కా మీద ఏదో పడిందని తుడవడానికి వస్తే తుడవనివ్వకండి, మరక ఇంటికెళ్ళాక ఉతుక్కోవచ్చు. దారిలో ఉంగరం దొరికింది, మీదేనా అంటే కాదని చెప్పి నడవండి. మ్యూజియం ఈరోజు సెలవని బయట ఎవరైనా అంటే నమ్మకండి, గేటుదాకా వెళ్ళండి. టికెట్లు అధీకృత కౌంటర్లలోనే కొనండి. ఆరోది రాసేటప్పుడు కాస్త ఆలోచించింది. అన్నిటినీ అనుమానించమని చెప్పి వదిలేస్తే మనిషి ఎక్కడ కాలు పెడతాడు? ఒక్క మెట్టైనా గట్టిగా ఉండాలి కదా. అందుకని ఇలా రాసింది: ఏ అనుమానమున్నా మైకులో చెప్పిన మాటే నమ్మండి.

కంట్రోలరు చదివి, "ఇదేంటమ్మా, ఆఫీసు భాషలా లేదు?" అన్నాడు.

"అందుకే అర్థమవుతోంది సార్" అంది ఆమె.

పదిహేనేళ్ళు ఆ ఆరు మాటల్నీ నోటితోనే చెప్పింది. తర్వాత మిషను వచ్చింది. ఇక మీదట మనిషి మాట్లాడనక్కర్లేదు, మీట నొక్కితే చాలు, ముక్కలు వాటంతటవే అతుక్కుంటాయన్నారు. ఊళ్ళ పేర్లు, అంకెలు, గేట్లు, "ఆలస్యంగా", "బయలుదేరును", "సిద్ధంగా ఉన్నది", ఇలా పధ్నాలుగు వందల ముక్కలు. అన్నీ ఆమె గొంతుతో రికార్డు చేయడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ ముక్కల్ని పట్టినవాడు ఆమె సొంత మరిది.

ఆమె పెళ్ళయిన ఏడాది, పాలిటెక్నిక్ చదువుకని పెట్టె పట్టుకుని అన్నగారింటికి వచ్చాడతను. వదిన చేతి అన్నం తిన్నాడు, వదిన చేత తిట్లూ తిన్నాడు. ఇంట్లో రేడియో ఉంటే విప్పేవాడు, ఫ్యాను ఉంటే విప్పేవాడు. "నిన్ను కూడా విప్పి చూడాలయ్యా, లోపల ఎన్ని వైర్లున్నాయో" అనేది. "విప్పితే మళ్ళీ బిగించడం నీ వల్ల కాదు వదినా" అనేవాడు. చదువైపోయి ఖాళీగా తిరుగుతుంటే కంట్రోలరు చుట్టూ నాలుగు నెలలు తిరిగి, బస్టాండులో స్పీకర్లు చూసే పని ఇప్పించింది ఆమే. ఆమె భర్త కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. ఆయనకి మీటర్లతో తప్ప మనుషులతో మాట్లాడే అలవాటు లేదు.

ముక్కలు పట్టడంలో ఒక కిటుకుంది. మాట ఎక్కడ అతికించినా అతకాలంటే దానికి ఎత్తూ పల్లమూ ఉండకూడదు. "వదినా, 'మూసివేయబడినది' అన్నప్పుడు జాలిపడకు. 'ఉచిత' అన్నప్పుడు సంబరపడకు" అనేవాడు మరిది, చెవులకి డిప్పలు పెట్టుకుని.

"మరి ఏం పడమంటావ్?"

"ఏమీ పడకు. నువ్వు మనిషివని మర్చిపో."

ఇద్దరూ నవ్వుకున్నారు. పదకొండో రోజుకి ఆమెకి అది బాగా వచ్చేసింది. ఆ నున్నటి గొంతు విని కంట్రోలరు కూడా మెచ్చుకున్నాడు. అప్పట్నుంచి తొమ్మిదేళ్ళుగా ఆమె పని మీటలు నొక్కడం. అద్దాల గది గోడలకి నారబోర్డులు కొట్టారు, బయటి రొద లోపలికి రాకుండా. ఆమె రాకపోకలు కూడా వెనకవైపు సిబ్బంది గేటు నుంచే. ఊరంతా వినే గొంతు ఆమెకి ఒక్కదానికే వినపడేది కాదు. ఆ తొమ్మిదేళ్ళలో లోపల అసలు గొంతు ముసలిదైంది. పోయిన చలికాలం రొంప పట్టి వదిలాక గరగర వచ్చి చేరింది, ఎండుటాకుల మీద నడిచినట్టు. అవసరమేముంది, మాట్లాడేది మిషనేగా.

మరిది మూడేళ్ళ క్రితం ఉద్యోగం మానేసి ట్రావెల్స్ పెట్టాడు. ఓ తెల్ల వ్యాను, దాని కిటికీలకి నీలం తెరలు. అదే ఇంటి పై వాటాలోకి కాపురం మార్చాడు. ఆదివారం వ్యాను ఖాళీగా ఉంటే వదినని ఎక్కించి చుట్టుపక్కల ఊళ్ళు తిప్పేవాడు. "చూశావా, నువ్వు పిలిచే ఊళ్ళన్నీ ఎంత దగ్గరో" అనేవాడు. వీడు పైకొచ్చాడని ఆమె మురిసిపోయింది. మురిసిపోవడానికి ఆమెకి పిల్లలు లేరు. ఉన్నవాడు వీడే.

ఒక బుధవారం సాయంత్రం నాలుగింటికి అద్దానికున్న గుండ్రటి కన్నం దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. అక్కచెల్లెళ్ళని పోలికలే చెబుతున్నాయి. పెద్దావిడకి డెబ్బై దాటి ఉంటాయి, చంకలో సంచీ. చిన్నావిడ రిటైరైన నర్సు. ఆ సంగతి ఆవిడే చెప్పింది, మొదటి మాటలోనే, కోపంగా.

"నేను ముప్ఫై ఆరేళ్ళు ఆస్పత్రిలో పనిచేశానమ్మా. మనుషుల్ని చూసినదాన్ని. ఫిర్యాదు ఎవరికివ్వాలో చెప్పు."

"చెప్పండమ్మా, ఏం జరిగింది?" అంది మైకమ్మ.

నర్సు నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. కన్నానికి మొహం దగ్గరగా పెట్టింది. "ఇంకోసారి అను."

"ఏంటమ్మా?"

"ప్రయాణికులకు విజ్ఞప్తి. అను."

మైకమ్మ నవ్వి, అంది. గరగరగానే అంది. నర్సు మాత్రం వెనక్కి తిరిగి "అక్కా, ఇదేనే. గొంతు బొంగురుపోయింది గానీ ఇదే" అంది. తర్వాత కన్నంలోకి, మెల్లగా, ఆస్పత్రిలో చెడ్డ కబురు చెప్పే గొంతుతో మాట్లాడింది. "ఎందుకు చెప్పావమ్మా అలా?"

"నేనేం చెప్పాను?"

"మ్యూజియం మూసేశారని. ఈరోజు మరమ్మతులని. మూడో గేటు బయట ఉచిత వాహనం ఉంది, ఎక్కమని."

"నేనా?"

"నువ్వు కాకపోతే మీ పావురాలా?"

జరిగింది ఇది. ఆ అక్కచెల్లెళ్ళ తండ్రి వడ్రంగి. మ్యూజియంలో రెండో హాలుకి ఉన్న చెక్కుడు తలుపు ఆయన చేతి పని. ఆయన పోయి నలభై ఏళ్ళయింది. పెద్దావిడ మోకాళ్ళు పూర్తిగా మొరాయించేలోపు ఒక్కసారి ఆ తలుపు ముట్టుకుని రావాలని, పొద్దున్న బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో వెళ్ళేలా బయల్దేరారు. దిగగానే పైనుంచి ఆరు జాగ్రత్తలూ విన్నారు. అన్నీ పాటించారు. దారి చూపిస్తానన్నవాడిని పొమ్మన్నారు, చీర మీద మరకన్నవాడిని కసిరారు. మూడో గేటు దాటుతుంటే మ్యూజియం సెలవని అదే గొంతు చెప్పింది. తెల్ల వ్యాను ఎక్కారు. చెక్కపని చూపిస్తామని తీసుకెళ్ళింది ఒక పెద్ద కొట్లోకి. తలుపులు మూసి, కూర్చోబెట్టి, ఒకదాని తర్వాత ఒకటి బొమ్మలు, పెట్టెలు, తివాచీలు పరిచి, ఏదో ఒకటి కొనేదాకా వ్యాను కదలదన్నారు. నాలుగు గంటలు. వదిలించుకుని తిరిగొస్తుంటే దారిలో మ్యూజియం కనిపించింది. గేట్లు బార్లా తీసి ఉన్నాయి. బడిపిల్లలు వరసగా బయటికొస్తున్నారు. వ్యాను ఆపమంటే ఆపలేదు.

"ఇంకో ముప్పావుగంటలో మా బస్సు" అంది నర్సు. "పోయింది డబ్బు కాదు, రోజు. మా అక్క మళ్ళీ రాగలదా?"

"నా సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి, నేను తీసుకెళ్తానమ్మా, ఆటోలో అయితే..."

"వద్దు" అంది పెద్దావిడ, అప్పటిదాకా ఒక్క మాటా అననావిడ. "నీతో రాం." కోపం కూడా లేదు ఆ మాటలో. "ఎవర్నీ నమ్మొద్దన్నావు. ఎవర్నీ నమ్మలేదు. నిన్ను నమ్మాం."

చెల్లెలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆమె మీటలు పక్క గుమాస్తాకి అప్పజెప్పి, ఇన్నేళ్ళలో మొదటిసారి పని మధ్యలో బయటికొచ్చింది. లోపలి వరండా దాటి మూడో గేటు బయటికి నడిచింది. అక్కడ నీలం తెరల తెల్ల వ్యాను. దాని నెత్తి మీద బస్టాండు స్పీకర్లలాంటిదే ఒక బూర. అందులోంచి ఆమె మాట్లాడుతోంది.

తొమ్మిదేళ్ళ కిందటి గొంతు, నున్నగా ఉంది, ఎక్కడా తొణకడం లేదు. ఆమె అక్కడే చెట్టులా నిలబడి ముక్క ముక్కా విప్పుకుంది. "మ్యూజియం", "ఈరోజు", ఈ రెండూ తను రాసిన నాలుగో జాగ్రత్తలోవి. "మరమ్మతుల నిమిత్తం మూసివేయబడినది" రెండో ప్లాట్‌ఫారం మగాళ్ళ మరుగుదొడ్డిది, జాలిపడకుండా పదమూడుసార్లు చెబితే కుదిరింది. "ఉచిత" మంచినీళ్ళ కుళాయిది. "వాహనం" అడ్డంగా నిలిపిన బళ్ళని తీయమనేది, అందులో కాస్త చిరాకు మిగిలిపోయింది, అది ఆమెకి మాత్రమే తెలుస్తుంది. "అధీకృత" అయిదో జాగ్రత్తలోది. చివరన, ఏ కోతా లేకుండా, ఉన్నదున్నట్టు, ఆరోది: "ఏ అనుమానమున్నా మైకులో చెప్పిన మాటే నమ్మండి."

కంచె చేను మేసిందని ఊరికే అంటుంటారు. ఇక్కడ కంచెని కోసి, ఆ ముళ్ళతోనే బోను అల్లారు.

పక్కన పళ్ళబండి ఆయన పలకరించాడు. "ఏంటమ్మా, బయటికొచ్చారు? మరిదిగారు లేరు, డ్రైవరున్నాడు."

"ఇది ఎన్నాళ్ళ నుంచి మోగుతోంది?"

"ఏడాదిన్నర పైనే. మీకు తెలియకుండా ఉంటుందా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. "మీకు తెలుసనే అనుకున్నామమ్మా. అందరం."

ఆ సాయంత్రం మరిది ఎప్పటిలాగే కిందికి దిగి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. భర్త చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తున్నాడు.

"ఏంటి వదినా, మొహం అలా ఉంది? కంట్రోలరు సతాయించాడా?"

"ఈరోజు మ్యూజియం మూసేశారటగా."

"ఏ మ్యూజియం?"

"నేను మూసిందే."

అతను నవ్వాడు, చిన్నప్పుడు ఫ్యాను పాడుచేసి నవ్విన నవ్వు. "ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పుకున్నాను, వ్యాను మీంచి. బాగా చెబుతున్నాను కూడా."

"వదినా, ముందు కూర్చో. నేనెవరి జేబులోనన్నా చెయ్యి పెట్టానా? చల్లటి బండిలో కూర్చోబెడుతున్నాం, మంచినీళ్ళిస్తున్నాం, నాలుగు వస్తువులు చూపిస్తున్నాం. ఇష్టమైతే కొంటారు."

"ఇష్టం లేకపోతే?"

"కాస్త ఆలస్యంగా కొంటారు."

"సిగ్గు లేదురా నీకు? ఆ ముక్కలు ఆఫీసువి."

"ఆఫీసువి కావు, నావి. నేను పట్టాను. పదకొండు రోజులు నేను కూడా అన్నం మానుకుని కూర్చున్నాను."

"మానుకున్న అన్నం ఎవరు దాచిపెట్టారు? ఎవరు తినిపించారు?"

"అదిగో. అన్నం లెక్కలు తీశావ్. నీ గొంతు ఎక్కడికీ పోలేదు వదినా. నీ దగ్గరున్నది నీ దగ్గరే ఉంది. నేను వాడుతున్నది నువ్వు వాడనిది."

ఆమె భర్త వైపు తిరిగింది. ఆయన తన తరఫున తమ్ముణ్ణి ఒక్క మాటైనా అంటాడని చూసింది. ఆయన చొక్కా కొక్కేనికి తగిలించడం ఇంకా అవలేదు.

"మీరు వింటున్నారా?"

"వింటున్నా."

"ఏమంటారు మరి?"

"పోనిద్దూ. ఏమన్నా అరిగిపోయిందా, తరిగిపోయిందా?"

ఆ మాటలో ఆశ్చర్యం లేకపోవడం ఆమెకి అప్పుడు తట్టింది. కొత్త సంగతి విన్న మనిషి మాట్లాడే తీరు కాదది. "మీకు ముందే తెలుసు" అంది.

ఆయన చెప్పేవాడు కాదేమో, తమ్ముడే చెప్పేశాడు. అన్న కూడా ఇందులో ఉన్నాడని తెలిస్తే తన పాపం సగమవుతుందనుకున్నాడో ఏమో. "అన్నయ్యని అడక్కుండా చేస్తానా? మొదటిరోజు గేటు దగ్గర నిలబెట్టి వినమన్నాను. ఇన్నేళ్ళు కాపురం చేసినవాడు, తేడా ఉంటే ఇట్టే పట్టేస్తాడని."

"పట్టారా?" అని అడిగింది భర్తని.

ఆయన గోడకి చెప్పినట్టు చెప్పాడు. "అచ్చు నువ్వే అన్నాను."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాణ్ణి తిట్టడానికి భాషలో మాటలు బోలెడున్నాయి. లెక్క సరిపోయిందని పక్కన నిలబడి చెప్పినవాణ్ణి ఏమనాలో ఆమెకి తోచలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు బాధపడతావని."

"బాధపడతానని తెలుసన్నమాట."

మరిది లేచి, మెట్ల దాకా వెళ్ళి, అలవాటు కొద్దీ "వస్తా వదినా" అన్నాడు. ఆమె కూడా అలవాటు కొద్దీ "ఊఁ" అనబోయి, నోరు మూసుకుంది.

మర్నాడు కంట్రోలరు దగ్గరికెళ్ళింది. ఆయన అంతా విని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అమ్మా, గోడ లోపల నాది, గోడ బయట ఊరిది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ కంట్రోలరుగాడు పట్టాలా?"

"మీరు పైకి రాయండి సార్."

"రాస్తే విచారణ వేస్తారు. మొదటి ప్రశ్న, గొంతెవరిది? రెండోది, పట్టినవాణ్ణి ఉద్యోగంలో పెట్టించిందెవరు? జవాబు రెండిటికీ నువ్వే. పింఛనుకి ఇంకా నాలుగేళ్ళుంది నీకు. ఆలోచించుకో."

ఆమె గదికి వచ్చి, మిషను ఆపి, మూలనున్న పాత మైకు మీద దుమ్ము కొంగుతో తుడిచింది. తొమ్మిదేళ్ళ తర్వాత నోటితో మాట్లాడింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడో గేటు బయట తెల్ల వ్యాను మన బస్టాండుది కాదు. మ్యూజియం తెరిచే ఉంది. ఆ వ్యాను ఎక్కకండి." మధ్యలో గొంతు రెండుసార్లు జారింది. మళ్ళీ చెప్పింది, మళ్ళీ మళ్ళీ చెప్పింది. గంటసేపు చెప్పాక మనసు కాస్త తేలికపడింది.

అప్పుడు కన్నం దగ్గరికి ఒకాయన వచ్చాడు. పెళ్ళాం బిడ్డలతో ఊరు చూడ్డానికొచ్చినవాడు, నెమ్మదస్తుడు. గొంతు తగ్గించి, "అమ్మా, మీకు చెబుదామని వచ్చాను. ఎవరో మీ మైకులో దూరి ఏదేదో వాగుతున్నారు. గొంతు కూడా సరిగా కలవలేదు, ముసలిగొంతు. బయట అసలావిడ ఎంత స్పష్టంగా చెబుతోంది, ఇదేమో దొంగగొంతని ఇట్టే తెలిసిపోతోంది. పాపం కొత్తవాళ్ళు నమ్మేస్తారు. కాస్త చూసుకోండి" అన్నాడు.

ఆమె ఆయన్ని చూసింది. ఆమె చెప్పిన జాగ్రత్తలన్నీ విని, ఒంటబట్టించుకుని, ఆమె కోసమే ఇంత దూరం నడిచి వచ్చిన మనిషి.

"మంచి పని చేశారు బాబూ" అంది. "ఇప్పుడు ఎటు వెళ్తున్నారు?"

"మ్యూజియం సెలవటగా. వ్యానులో..."

"తెరిచే ఉంది. నడిచి పదిహేను నిమిషాలు."

ఆయన మొహంలో ఒక తలుపు మూసుకోవడం ఆమెకి స్పష్టంగా కనిపించింది. బయట దారి చూపించేవాళ్ళని చూసి మూసుకునే తలుపే అది. ఆయన తలూపి, భార్యాబిడ్డల్ని తీసుకుని, మూడో గేటు వైపే వెళ్ళాడు.

కోపం ఆమెకి అప్పుడొచ్చింది. మరిది మీద, భర్త మీద నిన్నటి నుంచి ఉన్నది నొప్పి. కోపం మాత్రం తన మీద వచ్చింది, ఆ ఆరో మాట మీద. మిగతా అయిదూ మనిషిని వాడి కళ్ళనే నమ్ముకోమన్నాయి, ఆరోది తనని నమ్ముకోమంది. గట్టి మెట్టనుకుని వేసింది. దొంగలు ఎక్కింది ఆ మెట్టు మీదే.

మిషను ముందు కూర్చుని, పాత ముక్కలన్నీ చెరిపే చోటు వెతికింది. మరిదే నేర్పాడు, ఏడేళ్ళ కింద, "వదినా, ఇది మాత్రం ముట్టుకోకు" అంటూ. ఖాయమేనా అని మిషను అడిగింది. ఖాయమంది. ఇంకోసారి అడిగింది. మరిది కంటే ఇదే నయం, రెండుసార్లు అడుగుతోంది అనుకుంది. పధ్నాలుగు వందల ముక్కలు పోవడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

తర్వాత మైకు దగ్గరికి లాక్కుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ బస్టాండు గొంతు ముసలిదైంది. ఇవాళ్టి నుంచి ఈ గరగర గొంతే ఇక్కడిది. తప్పులు పోతాయి, దగ్గొస్తుంది, ఓర్చుకోండి. నున్నగా, తీయగా, ఒక్క తప్పూ లేకుండా ఎవరైనా పిలిస్తే అది నేను కాదు. ఇంకొకటి. మైకులో చెప్పిన మాటే నమ్మండని ఇన్నాళ్ళూ మీకు చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మైకులో చెప్పినా సరే, గేటుదాకా వెళ్ళి మీ కళ్ళతో చూడండి. నేను చెప్పినా సరే."

కంట్రోలరు పరుగెత్తుకొచ్చాడు. ఆఫీసు ఆస్తి చెరిపినందుకు సంజాయిషీ ఇమ్మని కాగితమిచ్చాడు. "నా గొంతు నేను చెరుపుకున్నాను" అని ఒక్క వాక్యం రాసిచ్చింది. కొత్తగా పట్టించడానికి మనిషి దొరికేదాకా నువ్వే రోజంతా మాట్లాడాలి, అదే శిక్ష అన్నాడు ఆయన, అది శిక్షో దయో తనకీ తేలక.

పదిరోజులకి జనానికి అలవాటైంది. గరగర గొంతు వినపడితే ఆగేవాళ్ళు, నున్నటిది వినపడితే నవ్వుకునేవాళ్ళు. "మైకమ్మా, నీ కూతురు బయట అరుస్తోంది" అని డ్రైవర్లు వేళాకోళం చేసేవాళ్ళు. "నాకు కూతుళ్ళు లేరు" అనేది. వ్యాను సగం ఖాళీగా నిలబడటం మొదలుపెట్టింది. ఒక సోమవారం పొద్దున చూస్తే అసలు లేదు.

తన వారపు సెలవు రోజు ఆమె మ్యూజియానికి వెళ్ళింది. ఇన్నేళ్ళు వెళ్ళమని చెప్పిందే గానీ ఎప్పుడూ చూడలేదు. రెండో హాలు తలుపు మనిషికి రెండింతలుంది, టేకు, అంచుల వెంట తీగలు. కాపలా ఆయన చూడకుండా అరచెయ్యి ఆనించింది. పెద్దావిడ కోసమనుకుంది గానీ, తనని నమ్మి పోగొట్టుకున్నది తను ముట్టుకుంటే తిరిగొచ్చేది కాదని ఆమెకి తెలుసు. ఆవిడ ఊరు కూడా అడగలేదు.

ఆ సాయంత్రం భర్త అన్నం ముందు కూర్చుని, ఏదో శుభవార్తలా చెప్పాడు. "వాడు బండి ఏటి అవతల బస్టాండుకి మార్చేశాడు. అక్కడ నిన్నెవరూ ఎరగరుగా, నీకే గొడవా ఉండదు. ఇంక మామూలుగా ఉండు."

ఏటి అవతల ఆమె ఇంకా నలభై అయిదేళ్ళ మనిషే. జలుబు లేదు, దగ్గు లేదు. అక్కడ దిగినవాళ్ళకి మ్యూజియం ఈరోజు మూసేశారని ఏమీ పడకుండా చెబుతోంది, తననే నమ్మమంటోంది.

"వింటున్నావా?" అన్నాడు భర్త.

పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మాట్లాడి మాట్లాడి ఈమధ్య ఇంటికొచ్చేసరికి ఆమెకి గొంతు పెగిలేది కాదు. ఇవాళ సెలవు, గొంతు బాగానే ఉంది. ఆ సంగతి ఆయనకి తెలియదు. అది గొంతు పోవడమో, మాట మానేయడమో తేల్చుకోలేక ఆయన ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు, ముల్లు కదలని మీటరుని చూసినట్టు.

ఆమె ఆయనకి ఇంకో గరిటె అన్నం వడ్డించి, గిన్నె మీద మూత పెట్టింది.